ఒక బంటు ఎక్కువుంది సరే, ఏది మార్చుకోవాలి ఏది ఉంచుకోవాలి? చెస్ ఎండ్‌గేమ్‌లో (పీసులు తక్కువైపోయిన ఆట చివరి దశలో) గెలుపు దారి ఎంచుకోవడం గురించి

ఒక బంటు ఎక్కువుంది, లేదా గుర్రాన్ని ఇచ్చి ఎదుటివాళ్ళ రూక్ (ఏనుగు) కొట్టి ఎక్స్‌చేంజ్ లాగారు, బోర్డు మీద పీసులు తక్కువైపోయాయి, గడియారంలో టైం అంతకంటే తక్కువుంది, ఎదుటి వాళ్ళు రిజైన్ చేసే మూడ్‌లో అస్సలు లేరు. ఇలాంటప్పుడు చాలామంది తర్వాతి మూవ్ ఏంటా అని వెతుకుతూ కూర్చుంటారు. నన్నడిగితే అంతకన్నా ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది, ఈ గేమ్‌ని ఏ రకం ఎండింగ్‌లోకి తీసుకెళ్తున్నాం అనేది. ఎందుకంటే అదే ఒక బంటు ఒక ఎండింగ్‌లో గెలుపు, ఇంకో ఎండింగ్‌లో సుబ్బరంగా డ్రా. ప్రతి ట్రేడూ (పీసుల మార్పిడి) అసలు ఆ రెండింటి మధ్య ఎంపికే.

దీనికి 2024 డిసెంబర్ 12న సింగపూర్‌లో జరిగిన 14వ గేమ్ కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. గుకేశ్, అప్పటి ఛాంపియన్ డింగ్ లిరెన్ చెరి ఆరున్నర పాయింట్ల మీదున్నారు, వరల్డ్ ఛాంపియన్‌షిప్‌లో ఆఖరి క్లాసికల్ గేమ్, డ్రా అయితే టైబ్రేక్, అంటే తక్కువ టైంలో ఆడే అదనపు గేమ్‌లు. నల్ల పావులతో ఆడుతున్న గుకేశ్‌కి ఒక బంటు ఎక్కువ, మూడుకి రెండు, అన్నీ కింగ్‌సైడే, అంటే బోర్డులో ఒకే వైపు. ఇద్దరికీ చెరో రూక్, చెరో తెల్లగడుల బిషప్. చూస్తున్నవాళ్ళు దాదాపు అందరూ ఇది డ్రానే అనుకుంటున్నారు, సరిగ్గా ఆడితే డ్రానే కూడా. అప్పుడు 55వ మూవ్‌లో డింగ్ రూక్‌ని ఎఫ్2 గడికి తెచ్చి రూక్‌లు మార్చుకుందాం అన్నారు. ఆయన బిషప్ ఏ8 మూలలో ఉంది, రూక్‌లు పోగానే గుకేశ్ తన బిషప్‌ని డి5లో పెట్టారు, మూలలో ఉన్న బిషప్‌కి తప్పించుకునే చోటు లేదు, అదీ మారిపోయింది. మిగిలింది రాజులు, బంట్లు. 58వ మూవ్ అయ్యాక డింగ్ రిజైన్ చేశారు.

ఇక్కడ బాగా గమనించండి, గుకేశ్ కొత్తగా ఇంకో బంటు ఏమీ గెలుచుకోలేదు. ముందూ ఒకటే ఎక్కువ, తర్వాతా ఒకటే ఎక్కువ. ఎండింగ్ రకం మారింది, అంతే, దాంతో డ్రా కాస్తా గెలుపైంది, చెన్నైలో తెలుగు కుటుంబంలో పుట్టిన 18 ఏళ్ళ కుర్రాడు వరల్డ్ ఛాంపియన్ అయ్యాడు. అతని టీమ్‌లో మన గుంటూరు హరికృష్ణ కూడా ఉన్నారు, ఎండ్‌గేమ్ అంటే మన దేశంలో ముందు గుర్తొచ్చే పేర్లలో ఆయనదొకటి.

సరే, ఇక ఎంపికల్లోకి వద్దాం.

బంట్ల ఎండింగా, రూక్ ఎండింగా

ఎక్కువసార్లు ఎదురయ్యేది ఇదే కాబట్టి దీని మీదే ఎక్కువ చెప్తాను. ఒక బంటు ఎక్కువున్నప్పుడు గెలిచే అవకాశం అన్నిటికంటే ఎక్కువ ఉండేది బంట్ల ఎండింగ్‌లో, తక్కువ ఉండేవాటిలో రూక్ ఎండింగ్ ఒకటి. రూక్‌కి దూరం నుంచి చెక్‌లిచ్చే బలం ఉంది, వెనక నుంచి బంటుని పట్టుకుని వేలాడే బలం ఉంది, ఒక బంటు తక్కువున్నా చురుగ్గా తిరిగే రూక్ ఉంటే డిఫెండ్ చేసేవాళ్ళు ఊపిరి పీల్చుకుంటారు. ముఖ్యంగా బంట్లన్నీ ఒకే వైపు ఉంటే, మూడుకి రెండైనా నాలుగుకి మూడైనా, మామూలుగా అది డ్రా అని పుస్తకాలన్నీ చెప్తాయి.

మరైతే రూక్‌లు మార్చే ఛాన్స్ వస్తే కళ్ళు మూసుకుని మార్చేయాలా అంటే, కాదు. బంట్ల ఎండింగ్‌లోకి వెళ్ళాక వెనక్కి దారి లేదు. ఒక్క టెంపో (ఒక్క మూవ్) తేడాతో గెలుపు డ్రా అవుతుంది, ఒక్కోసారి ఓటమే అవుతుంది. రూక్ ఎండింగ్‌లో ఒక మూవ్ తప్పాడినా మళ్ళీ సర్దుకుని ఇంకో ప్లాన్ వేసుకోవచ్చు, బంట్ల ఎండింగ్‌లో ఆ వీలు దాదాపు ఉండదు.

ఒక చిన్న పొజిషన్ వేసుకుని చూడండి. మనం తెల్ల. మన రాజు ఈ5లో, బంటు ఈ4లో, అవతల ఒంటరి రాజు ఈ7లో. మూవ్ వాళ్ళదైతే మనం గెలుస్తాం, మూవ్ మనదైతే డ్రా. పొజిషన్ ఒకటే, ఎవరి వంతు అన్నదే తేడా. ఇప్పుడు అదే బంటు ఈ4కి బదులు ఈ3లో ఉందనుకోండి, మూవ్ మనదే అయినా బంటుని ఈ4కి జరిపి వంతు వాళ్ళకి అంటగట్టేస్తాం, గెలుపు. అందుకే బంటుని తొందరపడి ముందుకి తోయొద్దు అని కోచ్‌లు అంతలా మొత్తుకునేది, ఆ స్పేర్ మూవ్ చివర్లో ప్రాణం లాంటిది. ఇక మన రాజు ఈ6 దాకా వెళ్ళిపోయి బంటు ఈ5లో, వాళ్ళ రాజు ఈ8లో ఉంటే ఎవరి వంతైనా గెలుపే. రాజు ముందు, బంటు వెనక. బోర్డు అంచుల్లోని 'ఏ' ఫైల్, హెచ్ ఫైల్ (ఫైల్ అంటే నిలువు వరస) బంట్లకి మాత్రం ఇది వర్తించదు, అవతలి రాజు మూలకి చేరితే ఎంత తోసినా డ్రానే.

కాబట్టి నా సలహా ఇది. రూక్‌లు మార్చే ముందు బంట్ల ఎండింగ్‌ని చివరి దాకా, అంటే క్వీన్ అయ్యేదాకా లెక్కపెట్టగలిగితేనే మార్చండి. లెక్క మధ్యలో తెగిపోతుంటే, టైం లేకపోతే, రూక్‌లు ఉంచండి, పొజిషన్‌ని ఇంకాస్త బాగుచేసుకోండి, రాజుని ముందుకి తెండి, అదే ట్రేడ్ తర్వాత ఇంకా మంచి రూపంలో మళ్ళీ దొరుకుతుంది చాలాసార్లు. డిఫెండ్ చేసే వైపున్నప్పుడు సలహా దీనికి సరిగ్గా తిరగేసి, రూక్‌లు మార్చుకుందామా అనే ఆలోచన వచ్చిందంటే చేతులు కట్టుకుని రెండుసార్లు లెక్కపెట్టాల్సిందే.

రూక్ ఎండింగ్‌లోనే ఉండిపోవాల్సి వస్తే, అందులోనూ మంచిదీ చెడ్డదీ ఉన్నాయి. బంట్లు రెండు వైపులా ఉండి, ఎక్కువున్న బంటు దూరంగా పాస్డ్ పాన్ (ఎదుటి బంట్లేవీ ఆపలేని బంటు) అయి, మన రూక్ దాని వెనక ఉంటే అది మంచి రకం. 1927లో బ్యూనస్ ఎయిరీస్‌లో అలెఖిన్, కాపాబ్లాంకా మీద వరల్డ్ టైటిల్ గెలుచుకున్న 34వ గేమ్ తీసి చూడండి, అలెఖిన్‌కి ఏ ఫైల్‌లో పాస్డ్ పాన్, రూక్ దాని వెనక, కాపాబ్లాంకా రూక్ దాని ముందు ఇరుక్కుపోయింది. బంటు ఒక్కో అడుగు జరిగేకొద్దీ వెనకున్న రూక్‌కి చోటు పెరుగుతుంది, ముందున్న రూక్‌కి తగ్గుతుంది. ఆ తర్వాత అలెఖిన్ రాజు రెండో వైపుకి నడిచింది, అక్కడి బంట్ల మీదకి. రెండు చోట్ల కాపాడుకోవడం కాపాబ్లాంకా అంతటివాడి వల్లే కాలేదు.

ఇద్దరికీ చెరో రూక్, ఒకవైపు ఒక్క బంటు మాత్రమే మిగిలినప్పుడు రెండు పొజిషన్లు తెలిస్తే చాలు, తెలియకపోతే మిగతాదంతా తెలిసినా లాభం లేదు. ఒకటి ఫిలిడోర్, ఇది డ్రా, డిఫెండర్ రాజు బంటు ముందు నిలబడి రూక్ తన మూడో వరుసలో కాపలా కాస్తుంది, బంటు ఆ వరుసలోకి రాగానే రూక్ వెనక్కెళ్ళి చెక్‌లు మొదలెడుతుంది. రెండోది లుసెనా, ఇది గెలుపు. మన రాజు జీ8లో, బంటు జీ7లో, మన రూక్ ఈ ఫైల్‌లో ఉండి అవతలి రాజుని డి ఫైల్ అవతలే ఆపేసింది, వాళ్ళ రూక్ హెచ్ ఫైల్‌లో ఉండి మన రాజుని బయటికి రానివ్వట్లేదు. ఇక్కడ రూక్‌ని ఈ4కి తెస్తాం. రాజు ఎఫ్7కి బయటికొస్తుంది, చెక్, జీ6, చెక్, ఎఫ్6, చెక్, జీ5, మళ్ళీ చెక్, అప్పుడు రూక్ జీ4కి వచ్చి అడ్డం నిలబడుతుంది, ఇక చెక్‌లు అయిపోయాయి, బంటు క్వీన్. దీన్నే బ్రిడ్జ్ కట్టడం అంటారు. అంటే రూక్ ఎండింగ్ ఎంచుకునేటప్పుడు మీరు అసలు చూడాల్సింది, ఇది లుసెనా వైపు పోతుందా ఫిలిడోర్ వైపు పోతుందా అని, అవతలి రాజు బంటు ముందుకి రాగలదా లేదా అని.

పీసులు మార్చాలా, బంట్లు మార్చాలా

దీనికి జవాబు సూటిగానే ఉంటుంది, మెటీరియల్ ఎక్కువున్న వాళ్ళు పీసులు మార్చాలి, బంట్లు ఉంచుకోవాలి. తక్కువున్న వాళ్ళు బంట్లు మార్చాలి. కారణం కూడా సింపుల్, అవతలి వాళ్ళ దగ్గర ఒక్క గుర్రం మిగిలినా మన ఆఖరి బంటు కోసం దాన్ని బలిచ్చేసి డ్రా చేసుకుంటారు. మన దగ్గర ఇంకో బంటు ఉంటే ఆ బలికి అర్థం ఉండదు.

ఇది అన్నిటికంటే గట్టిగా పట్టుకోవాల్సింది ఎక్స్‌చేంజ్ ఎక్కువున్నప్పుడు, అంటే వాళ్ళ బిషప్‌కో గుర్రానికో ఎదురుగా మనకి రూక్ ఉన్నప్పుడు. రూక్‌కి బిషప్, బంట్లేమీ లేవు, అవతలి రాజు తన బిషప్ రంగు కాని మూలలో కూర్చుంటే డ్రా. రూక్‌కి గుర్రం కూడా బంట్లు లేకపోతే మామూలుగా డ్రానే. చాలామంది ఎక్స్‌చేంజ్ గెలిచామన్న సంతోషంలో టకటకా బంట్లన్నీ మార్చేసుకుంటూ పోతారు, తీరా చూస్తే గెలవడానికి ఏమీ మిగలదు.

అదే మనకి రెండు రూక్‌లు, వాళ్ళకి ఒక రూక్, ఒక గుర్రం ఉంటే మాత్రం ఒక జత రూక్‌లు మార్చేయడం దాదాపు ఎప్పుడూ మంచిదే. వాళ్ళ రూక్ ఉన్నంతసేపు గుర్రానికి తోడుంది, ఎదురుదాడి ఉంది, అది పోయాక ఓపెన్ ఫైల్‌లో మన రూక్‌ని ఎదుర్కొనే పీస్ ఏదీ ఉండదు. ఇంకో దారి కూడా గుర్తుపెట్టుకోండి, సరైన టైంలో రూక్‌ని ఆ గుర్రానికే తిరిగి ఇచ్చేసి గెలిచే బంట్ల ఎండింగ్‌లోకి దిగిపోవడం. మెటీరియల్ తిరిగి ఇవ్వడం అంటే మనసొప్పదు, కానీ గెలిపించేది చాలాసార్లు అదే. 1924 న్యూయార్క్‌లో టార్టకోవర్ మీద కాపాబ్లాంకా రూక్ ఎండింగ్ చూస్తే ఈ ధైర్యం అంటే ఏంటో అర్థమవుతుంది, బంట్లు చెక్‌తో పోతున్నా పట్టించుకోకుండా రాజుని జీ3 మీదుగా హెచ్4, జీ5, ఎఫ్6 దాకా నడిపించాడు. బంట్ల లెక్కలో వెనకబడ్డాడు, గేమ్ మాత్రం గెలిచాడు.

బిషప్పులు, గుర్రాలు

వేర్వేరు రంగు బిషప్పులు మిగిలితే ఒక బంటు ఎక్కువున్నా డ్రా, చాలాసార్లు రెండున్నా డ్రా. మీ బిషప్ నల్లగడుల మీద తిరుగుతుంటే వాళ్ళు తెల్లగడి మీద గోడ కట్టేస్తారు, దాన్ని మీరు తాకను కూడా తాకలేరు. ఇందులో గెలవాలంటే పాస్డ్ పాన్లు రెండూ ఎంత దూరం దూరంగా ఉంటే అంత మంచిది. అయితే అదే వేర్వేరు రంగు బిషప్పులకి రూక్‌లు తోడుంటే కథ మొత్తం మారిపోతుంది, దాడి చేసే వాళ్ళకి ఒక పీస్ ఎక్కువున్నట్టే ఉంటుంది, ఎందుకంటే మన బిషప్ కొట్టే గడిని వాళ్ళ బిషప్ కాపాడలేదు. పీసులు మార్చమని పైన చెప్పిన రూల్‌కి ఇది పెద్ద మినహాయింపు, ఇక్కడ రూక్‌లు మార్చొద్దు, పట్టుకుని కూర్చోండి.

ఒకే రంగు బిషప్పులైతే మధ్యస్థం. అవతలి రాజు మన బంటు ముందు, మన బిషప్ తాకలేని రంగు గడిలో స్థిరపడిపోతే డ్రా, లేకపోతే గెలుపుకి మంచి అవకాశం. గుర్రాలకి గుర్రాలైతే సంతోషంగా వెళ్ళండి, అది దాదాపు బంట్ల ఎండింగ్ లాగే నడుస్తుంది, దూరంగా ఉన్న పాస్డ్ పాన్‌ని ఆపడానికి గుర్రం అంత దూరం గెంతుతూ పోవాలి, ఈలోపు ఇటువైపు మన రాజు మిగతా బంట్లని తినేస్తుంది.

ఒక బిషప్ మొత్తం ఎక్కువున్నప్పుడు కూడా డ్రా అయ్యే ట్రాప్ ఒకటుంది, దీని గురించి తెలియని పిల్లలు టోర్నమెంట్లలో అర పాయింట్ పోగొట్టుకుని ఏడ్చుకుంటూ బయటికి రావడం చూస్తే బాధేస్తుంది. తెల్ల పావులతో మీకు హెచ్ ఫైల్ బంటు ఒక్కటే మిగిలింది, హెచ్8 నల్లగడి, మీ బిషప్ తెల్లగడులది. అవతలి రాజు హెచ్8 చేరిందా, అయిపోయింది, మహా అయితే స్టేల్‌మేట్ (చెక్ లేదు, కదపడానికి మూవూ లేదు, డ్రా) చేయగలరు. ఏ ఫైల్ అయితే ఏ8 తెల్లగడి కాబట్టి తెల్లగడుల బిషప్ కావాలి. అందుకే ఆఖరి రెండు బంట్లలో ఏది ఉంచుకోవాలి అన్నప్పుడు ముందు మీ బిషప్ రంగు చూడండి, మధ్య ఫైల్ బంటు దొరికితే మారు మాట్లాడకుండా దాన్ని ఉంచుకోండి.

క్వీన్ ఎండింగ్ గురించి ఒక్క మాటే. ఎన్ని బంట్లున్నాయి అనే దానికంటే ఏ బంటు ఎంత ముందుకెళ్ళింది అనేదే ముఖ్యం, కానీ చెక్‌ల వాన ఆగదు, టైం లేనప్పుడు దీన్ని ఎంచుకోవద్దు.

గడియారం చూసి కూడా ఎంచుకోవాలి

ఇంజిన్‌కి (చెస్ ఆడే కంప్యూటర్ ప్రోగ్రాంకి) గడియారం లేదు, మనకుంది. ఇంజిన్ ప్లస్ ఐదు (సుమారు ఐదు బంట్లంత పైచేయి) చూపించే దారిలో పదిహేను కరెక్ట్ మూవ్‌లు వెతకాలి, ప్లస్ మూడు చూపించే దారిలో చేతులకి అలవాటైన మూవ్‌లే ఉన్నాయి అంటే నేను రెండోదే ఎంచుకోమంటాను. బిషప్, గుర్రంతో మేట్ చేయడం ఎక్కువలో ఎక్కువ 33 మూవ్‌ల పని, 50 మూవ్‌ల రూల్ (బంటు కదలకుండా, ఏదీ కొట్టకుండా 50 మూవ్‌లు గడిస్తే డ్రా) లోపలే, అయినా 2013లో జెనీవాలో అప్పటి విమెన్స్ వరల్డ్ ఛాంపియన్ ఉషెనినా ఓల్గా గిర్యా మీద అది పూర్తిచేయలేకపోయారు, గేమ్ డ్రా. కాబట్టి ఒక బంటుని నిలబెట్టుకోవడమా, లేక బిషప్, గుర్రం మిగుల్చుకోవడమా అనే ఎంపిక వస్తే బంటుకే ఓటు. రెండు గుర్రాలు మాత్రం మిగుల్చుకోనే వద్దు, ఒంటరి రాజు మీద వాటితో మేట్‌ని బలవంతం చేయలేం.

ఇంక్రిమెంట్ (ప్రతి మూవ్‌కీ గడియారంలో కలిసే అదనపు సెకన్లు) ఉన్న గేమ్‌లో తొందరే అవసరం లేదు. పొజిషన్‌ని ఒకసారి రిపీట్ చేయండి, టైం పోగేసుకోండి, అవతలి వాళ్ళు ఏం చేస్తారో చూడండి, మూడోసారి మాత్రం అదే పొజిషన్ రానివ్వొద్దు, వస్తే డ్రా అడగొచ్చు. ఓపిక అంటే 2021లో దుబాయ్‌లో కార్ల్‌సెన్, నెపోమ్నియాషి వరల్డ్ ఛాంపియన్‌షిప్ ఆరో గేమ్, 136 మూవ్‌లు, ఏడు గంటల పైన. చివర్లో కార్ల్‌సెన్‌కి రూక్, గుర్రం, రెండు బంట్లు, నెపోకి ఒక్క క్వీన్. సిద్ధాంతంగా చాలాసేపు డ్రానే, కానీ కార్ల్‌సెన్ రాజు సురక్షితం, పీసులు ఒకదాన్నొకటి కాపాడుకుంటున్నాయి, రిస్క్ ఏమీ లేకుండా ఎంతసేపైనా ఆడొచ్చు, క్వీన్ వైపున్న వాళ్ళకి మాత్రం ప్రతి మూవ్ ఒక పరీక్ష. అలాంటి పొజిషన్ ఎంచుకుంటే అలసట మీ వైపు నిలబడుతుంది. అదే మనిషి 2013లో చెన్నైలో ఐదు, ఆరు గేమ్‌ల్లో ఆనంద్ మీద వరసగా రెండు రూక్ ఎండింగ్‌లు గెలిచాడు, రెండూ నిలబెట్టుకోదగ్గవే.

ఇంక్రిమెంట్ లేని గేమ్‌లో ఇంకో చిత్రమైన ఎంపిక వస్తుంది, అవతలి వాళ్ళ ఆఖరి బంటు తినాలా వద్దా అని. తినేస్తే వాళ్ళ దగ్గర రాజు మాత్రమే ఉంటుంది, మీ టైం అయిపోయినా డ్రా, ఓడిపోరు. తినకుండా ఉంచితే మీ ఫ్లాగ్ పడితే, అంటే టైం అయిపోతే, గేమే పోతుంది, ఎందుకంటే ఆ బంటు క్వీన్ అయ్యి మేట్ చేయగలదని రూల్ లెక్క. కానీ తినేస్తే స్టేల్‌మేట్ భయం పెరుగుతుంది, ఒంటరి రాజుకి మూవ్ లేకపోతే అక్కడికక్కడే డ్రా, బంటు ఉంటే కనీసం అది కదులుతుంది. నేనైతే ఇలా చూస్తాను, పది సెకన్ల కంటే తక్కువుంటే తినేయండి, టైం బాగా ఉండి మేట్ దగ్గర్లో కనిపిస్తుంటే, ఆ బంటు క్వీన్ అవ్వడానికి చాలా దూరంలో ఉంటే, వదిలేయండి.

ఏది ముందు నేర్చుకోవాలి అని పిల్లల తల్లిదండ్రులు అడుగుతుంటారు. ముందు రాజు, బంటు ఎండింగ్‌లు, ఆ ఈ4, ఈ3 తేడా చేతికొచ్చేదాకా. తర్వాత లుసెనా, ఫిలిడోర్. తర్వాత తప్పు రంగు బిషప్. వేర్వేరు రంగు బిషప్పులు డ్రా అవుతాయని తెలిస్తే చాలు, వివరాలు తర్వాత. బిషప్, గుర్రం మేట్ అన్నిటికంటే చివర. ఆడిన గేమ్‌లో ఏడు పీసులు లేదా అంతకంటే తక్కువ మిగిలిన చోటు నుంచి లిచెస్ వెబ్‌సైట్‌లో టేబుల్‌బేస్ (అలాంటి ప్రతి పొజిషన్ ఫలితం ముందే లెక్కకట్టిన పట్టిక) తెరిస్తే, రాజుల్ని, బంట్లని కూడా కలిపి లెక్క, ఏ ట్రేడ్ దగ్గర గెలుపు డ్రా అయిందో ఉన్నదున్నట్టు చూపిస్తుంది, పైసా ఖర్చు లేదు. ఆ ఒక్క మూవ్ దగ్గర ఆగి, పిల్లల్ని రెండు దారులూ ఇంజిన్ మీద ఆడి చూడమనండి.